తెరచాప పట్టిన రాఘవమ్మ

నందిగామ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఉషశ్రీకి, ఆమె స్నేహితురాళ్ళు జెరూషా, కృష్ణప్రియలకు డిగ్రీ రోజుల నుంచీ ఒక అలవాటు. ఏటా ఎక్కడికో వెళ్ళాలని ప్లాన్ వేసుకుంటారు. ఆ ప్లాన్లు చాలామటుకు జగ్గయ్యపేటలో కృష్ణప్రియ బ్లౌజుల షాపు వెనకగదిలో టీ గ్లాసులతోనే ముగిసిపోతాయి. ఈసారి మాత్రం కాస్త కదిలింది. కారణం జెరూషా. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే ఆమె, చర్చివాళ్ళతో రామేశ్వరం వైపు వెళ్ళినప్పుడు ఒకావిడ పలక మీద నిలబడి, చేత్తో తెరచాప పట్టుకుని నీళ్ళమీద దూసుకుపోవడం చూసింది. దాన్ని విండ్‌సర్ఫింగ్ అంటారట.

"ఆవిడది మన వయసేనే. మనకేం తక్కువ?" అంది జెరూషా.

ఎక్కడ నేర్పుతారా అని వెతికితే శ్రీలంక తేలింది. చెన్నై నుంచి విమానం గంటన్నర కూడా పట్టదు. అక్కడ ఊళ్ళు తిరిగేవాళ్ళకు ఆటోలు అద్దెకిస్తారు, మనమే నడుపుకోవచ్చు. కల్పిటియా అనే ఊరి దగ్గర సముద్రాన్ని ఆనుకుని లోతు తక్కువ ఉప్పునీటి సరస్సు ఉంది, కొత్తవాళ్ళకు అనువు. మే నెలలో అక్కడ గాలి మొదలవుతుంది, ఇక్కడ కాలేజీకి సెలవులు. రైస్ కుక్కరు, కందిపొడి, ఊరగాయ పట్టుకుపోతే తిండి ఖర్చు ఉండదు. ఆటో జెరూషా నడుపుతుంది. ముగ్గురూ పంచుకుంటే ఎవరికీ భారం కాదు.

అంతా కుదిరాక, నేర్పేవాళ్ళు ఫోన్లో ఒక మాట అడిగారు. మీకు ఈత వచ్చా?

కృష్ణ ఒడ్డున పెరిగిన జెరూషాకు వచ్చు. మిగతా ఇద్దరికీ రాదు. విజయవాడలో ఈతకొలనుకు వెళ్ళి నేర్చుకుందామంటే ఆడవాళ్ళకు కేటాయించిన సమయం ఉషశ్రీ క్లాసులకు అడ్డం. ఆ ఆదివారం ఉషశ్రీ చిల్లకల్లు దగ్గర ఉన్న తన మేనత్త రాఘవమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పి నవ్వుకుంది.

రాఘవమ్మ నవ్వలేదు. అరవై దాటిన మనిషి. భర్త పోయాక మిరపతోట, పత్తిచేను తనే చూసుకుంటుంది. కొడుకు నవీన్‌బాబుకు జగ్గయ్యపేటలో విత్తనాల కొట్టు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి, "నేను నేర్పుతాలే," అంది.

"నీకు ఈత వచ్చా అత్తా?"

"వచ్చు. మీ మామయ్యక్కూడా తెలీదు."

చిన్నప్పుడు రాఘవమ్మ అన్నలతో పాటు పొలంలో మెట్లబావి గట్టుమీద నుంచి దూకేది. అన్నలకంటే ఎక్కువసేపు నీళ్ళలో మునిగి ఉండేది. పెద్దమనిషైన మర్నాటి నుంచి బావివైపు వెళ్ళనివ్వలేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఇక నీకు కుదరదమ్మా అన్నారంతే. పెళ్ళయి వచ్చిన ఊళ్ళోనూ పొలంలో బావి ఉంది. దానిలో నీళ్ళు తోడించింది, పైర్లు పండించింది. దిగలేదు.

ఆ సోమవారం నుంచి ఉషశ్రీ తెల్లవారగానే స్కూటీ మీద ఆ బావి దగ్గరికి వచ్చేది. రాఘవమ్మ ఆమె నడుముకు ఖాళీ నూనె డబ్బాలు కట్టి, మెట్టుమీద కూర్చుని చెప్పేది. ఉషశ్రీకి నీళ్ళు ఎందుకు తేలుస్తాయో పాఠం చెప్పడం తెలుసు గానీ కాళ్ళు మాత్రం మెట్టు వదిలేవి కావు. చూసి చూసి ఒకరోజు రాఘవమ్మ చీర గోచీ పోసి బిగించి దిగింది. దిగి ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. తర్వాత గట్టు నుంచి గట్టుకు, చప్పుడు లేకుండా వెళ్ళి వచ్చింది. ఆమె మొహం చూశాక ఉషశ్రీ కూడా నీళ్ళలోకి ఒరిగింది. ఆ రోజే మెట్టు వదిలింది.

వేసవి ముదురుతుండగా కృష్ణప్రియ ప్రయాణం మానుకుంది. మే అంతా పెళ్ళిళ్ళు, షాపు నిండా బ్లౌజులు. "కోపం తెచ్చుకోకండే," అంటూ ఏడ్చినంత పని చేసింది. వచ్చే ఏడు చూద్దామంది జెరూషా. వచ్చే ఏడు అన్న మాట వాళ్ళ నోట ఎన్నిసార్లు వచ్చిందో ఉషశ్రీకి గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే అత్తను అడిగింది.

"నేనా? నేనొచ్చి ఏం చేస్తా?"

"ఈదుతావు."

రాఘవమ్మ ముందున్న మిరపకాయల తొడిమలన్నీ తీసేసింది. "పాస్‌పోర్టుకి ఏం కావాలంట?" అంది చివరికి.

నవీన్‌బాబుకు నచ్చలేదు. "ఈ వయసులో సముద్రం ఏందమ్మా? ఏదన్నా అయితే?"

"అయితే నీకు ఫోన్ చేస్తార్లేరా," అంది ఆమె. పాస్‌పోర్టు ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబుల్ ఎందుకు వెళ్తున్నారండీ అని అడిగితే "గాలి కోసం" అని చెప్పింది. ఆయన ఆరోగ్యం కోసమేమో అనుకుని జాగ్రత్తలు చెప్పి వెళ్ళాడు.

కొలంబో దగ్గర ఆటో తీసుకున్నారు. జెరూషా ముందు, వెనక వీళ్ళిద్దరూ, వాళ్ళ మధ్య రైస్ కుక్కరు. కొబ్బరితోటల వెంట ఉత్తరానికి వెళ్ళారు. తీరా చేరాక గాలి లేదు. సరస్సు అద్దంలా పడి ఉంది. నేర్పే ఆయన ఆకాశం చూసి భుజాలు ఎగరేశాడు. ఇన్ని లెక్కలు వేస్తే గాలి దగ్గరే లెక్క తప్పిందే అని ఉషశ్రీ దిగులుపడింది. రాఘవమ్మకు మాత్రం ఆ దిగులు లేదు. పొద్దున్నా సాయంత్రమూ ఈదింది. "ఉప్పునీళ్ళు మనిషిని మోస్తయ్యే, బావి నీళ్ళకంటే మంచియ్యి," అని జెరూషాతో చెప్పింది.

గాలి వచ్చిన రోజు ఉషశ్రీ లేచిందీ పడిందీ సమానం. జెరూషా కాస్త దూరం పోయి కేకలు పెట్టింది. మధ్యాహ్నం, నేర్పే ఆయన రాఘవమ్మను చూపించి, ఆవిడ నిలబడతారా అని సైగ చేశాడు. లైఫ్ జాకెట్ వేసుకుని ఆమె పలకెక్కింది. మొదటిసారి పడింది. రెండోసారీ పడింది. ఆ తర్వాత మోకాళ్ళు వంచి, తాడు పట్టుకుని తెరచాపను నీళ్ళలోంచి లాగింది. బావిలోంచి చేద లాగినట్టే లాగింది. గాలి పట్టింది. పలక కదిలింది.

కదిలి వెళ్తూనే ఉంది. ఒడ్డున అందరూ తిప్పమని అరిచారు. తిప్పలేదు. "అత్తా! తెరచాప వదిలెయ్!" అని ఉషశ్రీ గొంతు చించుకుంది. రాఘవమ్మ చిన్నదైపోతూ చాలా దూరం పోయింది. అప్పుడు తాపీగా తెరచాప వదిలి పలక మీద కూర్చుంది. పడవ వెళ్ళి తీసుకొచ్చేదాకా అలాగే కూర్చుని ఉంది.

ఒడ్డుకు రాగానే ఉషశ్రీ ఆమె చేతులు పట్టుకుంది. "తిప్పడం చేతకాలేదా అత్తా?"

"చెప్పాడుగా, తెలుసు," అంది రాఘవమ్మ. లైఫ్ జాకెట్ విప్పుకుంటూ, "తిప్పబుద్ధి కాలేదే," అంది.

ఆ సాయంత్రం నవీన్‌బాబు ఫోన్ చేశాడు. ఎలా ఉన్నావమ్మా, తిన్నావా అని అడిగాడు. "తిన్నాన్రా. ఇక్కడ అంతా బానే ఉంది. కాయలు ఎండబెట్టారా?" అని ఆమె అడిగింది. ఫోన్ పెట్టేశాక జెరూషా ఆగలేకపోయింది.

"అత్తయ్యగారూ, అసలు సంగతి చెప్పలేదేంటండీ?"

"ఎట్టా చెప్పాలో తెలీటంలేదమ్మా. ఇంటికెళ్ళినాక చెప్తా."

వాళ్ళు తిరిగొచ్చి నెలలు గడిచాయి. ఆమె ఇంతవరకూ కొడుక్కి చెప్పలేదు. ఉషశ్రీ అడిగితే, చెప్తే ఆ పోవటం అక్కడితో అయిపోద్దేమోనని ఉంది అంటుంది.