పలకరింపు పండ్లు

ఇబ్రహీంపట్నంలో పొయ్యి మీద యాపిల్ పండ్లు వండిన మొదటి మగవాణ్ణి నేనే. కాదన్నవాళ్లెవరైనా ఉంటే వచ్చి నా ముందు నిలబడమనండి. కాకపోతే కాస్త దగ్గరగా నిలబడాలి. మొన్ననే కంటికి ఆపరేషన్ అయింది, ఇంట్లో కూడా నల్లద్దాలు తీయొద్దన్నారు. ఆ కంటి పుణ్యమా అని ఇప్పుడు టీపాయి మీద నాలుగు కవర్ల యాపిల్ పండ్లు ఉన్నాయి. తినే నోరు మాత్రం ఒక్కటే, అందులోనూ పళ్లు సగమే.

మా దిక్కు పిల్లలున్న ఇంటికి పోతే అరటిపండ్లో బిస్కెట్లో సరిపోతాయి గానీ, దవాఖాన నుంచి వచ్చిన మనిషిని పలకరించాలంటే బస్టాండు దగ్గర బండి ముందు ఆగి, ఎర్రగా మెరిసేవి, స్టిక్కర్లు అంటించినవి, కిలో తూయించుకోవాల్సిందే. రోగి వాటిని తింటాడా లేదా అన్నది తెచ్చినవాడికి సంబంధం లేని సంగతి. కవరు పెట్టి, "ఎట్లుంది?" అని అడిగి, మనం జవాబు సగం చెప్పేసరికి ఫోను చూసుకుని లేస్తారు. వాళ్లు పోయాక ఇంట్లో నేనూ పండ్లూ మిగులుతాం. నిజానికి ఆ పండ్లూ ఒకచోట ఉండేవి కావు. ఒక రోగికి వచ్చినవి ఇంకో రోగి ఇంటికి బయలుదేరుతాయి. యాచారంలో మా తోడల్లుడి కాలు విరిగినప్పుడు నేను ఇచ్చి వచ్చిన కవరు, నేను వేసిన ముడి అట్లాగే ఉండగా, వారం తిరక్కుండా మా ఇంటికే వచ్చింది. అప్పటికి మా ఇంటామె మంచాన పడింది.

నాలుగేండ్ల కిందటి మాట. మాకు పిల్లల్లేరు. అయ్యో అనే వయసు వాళ్లంతా ఎప్పుడో పోయారు కాబట్టి ఆ ముచ్చట ఇప్పుడెవరూ ఎత్తరు. ఇంటామెది కడుపులో జబ్బు. హయత్‌నగర్‌లో చూపిస్తే డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఎక్కువ రోజులు లేవని గడువు చెప్పి, "ఏదన్న ఇంత లోపలికి పోతేనే మందు పనిచేస్తది. తినిపించుకునే బాధ్యత నీది" అంది. జొన్నగటక చేసి ఇచ్చినా, ఇడ్లీ తెచ్చినా, పాలు పట్టినా ఆమె మొహం గోడవైపు తిప్పుకునేది. ఇల్లంతా యాపిల్ పండ్లు, కొరికే ఓపిక ఆమెకు లేదు. అప్పుడు నేను సొంత బుర్రతో ఆలోచించి, తొక్క తీసి, ముక్కలు కోసి, నేతిలో లవంగాలూ చెక్కా ఇలాచీ వేసి, బెల్లంతో మెత్తగా వండి, నెల రోజుల పాటు రోజుకో గిన్నె తినిపించాను. ఆ వాసనకు వీధిలో నడిచిపోయేవాళ్లు ఆగి మరీ మా గుమ్మంలోకి చూసేవాళ్లు.

ఇక్కడ నేను కొంచెం బ్రేకు వేయాలి. వీధిలో ఆగినవాడు ఒక్కడే, అతను కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడు. సొంత బుర్ర అన్నది కూడా అబద్ధమే. ఆ వంట చెప్పింది గోడ అవతలి ఆపా. జాకెట్లు కుట్టే మనిషి, నాకంటే పదేండ్లు చిన్నది. కుట్టించుకునే ఆడవాళ్లంతా ఆపా, అంటే అక్క, అంటారు కాబట్టి నేనూ అదే పిలుపు పట్టుకున్నాను. ముప్పై ఏండ్లు బస్సు నడిపినవాణ్ణి, గేర్లన్నీ కళ్లు మూసుకుని వేసేవాణ్ణి గానీ పొయ్యి సిమ్‌లో పెట్టాలంటే మీట ఎటు తిప్పాలో తెలియదు. మొదటిరోజు గిన్నె అడుగంటింది. రెండోరోజు బెల్లం ముందే వేసేశాను, ముక్కలు ఎంతకీ ఉడకలేదు. ఆపా గోడ మీది నుంచి గిన్నెలోకి తొంగి చూసింది.

"అన్న, బెల్లం ముందే ఎయ్యొద్దు, ముక్క మొండికేస్తది, నీ లెక్కనే. నెయ్యి కాగినంక లవంగం ఎయ్యి. అది ఉబ్బంగనే చెక్క, ఎనుక ముక్కలు. జర నీళ్లు చల్లి మూత పెట్టు. మెత్తబడ్డంకనే బెల్లం. సమజైందా?"

మూడోరోజుకు సమజైంది. నేతిలో లవంగం పొట్ట ఉబ్బడం ఎంత ముచ్చటగా ఉంటుందో అరవై ఏండ్లు దాటాక చూశాను. మూత కింద ముక్కలు గుసగుసలాడుతుండేవి. మంచం మీది నుంచి ఆమె, "అయిందా?" అని అడిగేది. "ఇయ్యాల చెక్క ఎక్కువేసినవ్, వాసన ఈడిదాక కొడ్తుంది" అనేది. నేను గంటె పట్టుకునే జవాబు చెప్పేవాణ్ణి. డ్యూటీ ఉన్నన్నాళ్లు పొద్దుగాల పోయి పొద్దుమీకి వచ్చినవాణ్ణి. పట్టపగలు ఇంట్లో ఉండి ఆలుమగలం అంతసేపు మాట్లాడుకోవడం నాకు గుర్తున్నంతవరకు అదే మొదలు.

నెల రోజులు అన్నాను గదా, పద్దెనిమిది రోజులు. రోజుకో గిన్నె అన్నాను, నా ముందు తిన్నది రెండు చెంచాలు. "మిగిలింది తర్వాత తింట, ఆడ పెట్టు" అనేది. సాయంత్రం నేను హోటల్‌కు పోయి చాయ్ తాగి వచ్చేసరికి గిన్నె ఖాళీ. ఆ ఖాళీ గిన్నెను నేను కడిగినంత శ్రద్ధగా ఈ ఊళ్లో ఎవరూ ఏ గిన్నెనూ కడిగి ఉండరు. ఈ మాటను మాత్రం తగ్గించను. డాక్టరమ్మ చెప్పిన గడువు దాటి ఇంకో రెండు నెలలు బతికింది మనిషి. ఆ రెండు నెలలూ నా పండ్లవల్లనే అని బంధువులకు చెప్పాను, పింఛను లైన్లో నిలబడ్డవాళ్లకు చెప్పాను, ఎవరూ లేనప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం ఆ నాలుగు కవర్లలోంచి మెత్తబడ్డవి ఏరి మళ్లీ వండాను. నల్లద్దాల్లోంచి బెల్లం ఎంత పాకానికి వచ్చిందో కనపడలేదు, వాసన పట్టి దించాను. అయిందా అని అడిగేవాళ్లు లేరు కాబట్టి, "అయింది" అని నేనే పైకి అన్నాను. ఇంతలో ఆపా వచ్చింది. మోకాళ్ల నొప్పులతో గోడ దగ్గర నిలబడటం మానేసి ఇప్పుడు వాకిట్లోంచే వస్తుంది. చిన్న గిన్నెలో పెట్టిచ్చి, ఆ రెండు నెలల సంగతి ఆమెకూ మొదలుపెట్టాను. ముసలితనంలో ఉన్న సుఖం ఒక్కటే, గడిచిన కాలాన్ని మన పళ్లకు తగినట్టు మెత్తగా ఉడికించుకోవచ్చు. ఆపా ఒక ముక్క తిని చెంచా పక్కన పెట్టింది.

"అన్న, నల్గురికి చెప్పినట్టు నాకు చెప్పకు. వదినె తినలే."

"నా కండ్ల ముందట రెండు చెంచాలు..."

"అవ్, గా రెండు నీ మొహం జూసి మింగేది. గిన్నె ఖాళీ చేసింది నేను. నువ్వు చాయ్‌కి పోంగనే నన్ను పిలిచి చేతుల పెట్టేది. పద్దెనిమిది దినాలు తిన్న, నా షుగర్ గప్పుడే పెరిగింది."

"మరి రోజూ వండమని తనే అడిగేది గదా?" అన్నాను.

"అడగదా మరి! వండని దినం నువ్వు మంచం పట్టె పట్టుకొని ఏడ్చుకుంట కూసుంటివి. 'పొయ్యి కాడ ఉన్నంతసేపన్న ఏడుపు బందు పెడ్తుండు, వండనియ్యి ఆపా' అన్నది."