ఏవిస్ టీచర్ కట్టిన రెండు ముడులు

ఏవిస్ డోర్ అమెరికాలోని మైన్ తీరంలో ఒక చిన్న రేవు బడిలో ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పింది. పుట్టింటివాళ్లు ఫికెట్లు. తాత, తండ్రి, తమ్ముడు అందరూ లాబ్‌స్టర్ బోనులు వేసి బతికినవాళ్లే. ఆ ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది ఆమె ఒక్కతే. ఎక్కి, దిగి, మళ్లీ అదే రేవుకు వచ్చి ఓరిన్ డోర్‌ను పెళ్లి చేసుకుంది. డోర్లు ఎవరి జట్టులోనూ ఉండరు. ఓరిన్ కూడా అంతే, తన పడవ, తన బోనులు, సాయంత్రం రేడియో. మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో, పెరటి కొట్టంలో బెండ్లకు రంగు వేస్తూ వేస్తూ స్టూలు మీదే ఒరిగిపోయాడు. ఏవిస్ ముందు అంబులెన్సుకు ఫోను చేసింది. వాళ్లు వచ్చి వెళ్లాక కుంచె కడిగి మేకుకు తగిలించింది. మర్నాటి సోమవారం బడికి వెళ్లింది.

ఆ రేవులో మనిషిని ముఖం కన్నా ముందు బెండు రంగును బట్టి గుర్తుపడతారు. నీళ్ల అడుగున ఉన్న బోను ఎవరిదో పైన తేలే బెండు చెబుతుంది. కార్వర్లది నారింజ. ఫికెట్లది పసుపు, నలుపు. ఓరిన్‌ది తెల్ల ఒళ్లు, ఆకుపచ్చ తల, నడుమ ఒక ఎర్ర చార.

ప్రతి అక్టోబరులో ఏవిస్ పదకొండో తరగతి పిల్లలకు ఒక పాత విషాద నాటకం చెప్పేది. ఒకే తండ్రి బిడ్డల రెండు ఇళ్లు, వాటి మధ్య పగ, చివర్లో స్టేజీ నిండా శవాలు. మొదటి రోజు పుస్తకం ముట్టుకోనిచ్చేది కాదు. ముందు మాటలు. వంశవైరం, వెలి, అహంకారం, హెచ్చరిక, ప్రాయశ్చిత్తం, విధి. ఒక్కో మాట ఒక్కో అట్ట మీద రాసి గోడకు పెట్టి, "డిక్షనరీ తియ్యొద్దు. దీన్ని మీరెక్కడ చూశారో చెప్పండి," అనేది. ఆ తర్వాత నాటకంలోని సంగతులను ఒక్కో వాక్యంగా చదివేది. ఒప్పుకునేవాళ్లు కిటికీ వైపు, ఒప్పుకోనివాళ్లు తలుపు వైపు వెళ్లి నిలబడాలి. మధ్యలో నిలబడడానికి వీల్లేదు.

ఆ ఏడు హెడ్మాస్టరు హాన్స్‌కమ్ ఆమెను గదికి పిలిచాడు.

"ఈసారి ఆ నాటకం వదిలెయ్యండి, ఏవిస్ గారూ. ఆగస్టు నుంచి కార్వర్లు, ఫికెట్లు ఎలా ఉన్నారో మీకు తెలియంది కాదు. రెండు ఇళ్ల పిల్లలూ మీ క్లాసులోనే ఉన్నారు."

"అందుకేగా చెప్పాలి," అంది ఏవిస్.

"గొడవైతే మాత్రం ఆ నాటకం ఈ బడిలో మళ్లీ ఉండదు. ముందే చెబుతున్నా."

సరేనంది.

గొడవంతా రేవు ఎదుట ఉన్న ద్వీపం వెనకాల లోతు నీళ్ల గురించి. అక్కడ మా తాతలు వేశారంటే మా తాతలు వేశారని రెండు ఇళ్లవాళ్లూ అంటారు. ఇంకా ఎవరూ ఎవరి తాడూ కొయ్యలేదు. ఆ రేవులో కొయ్యడానికి ముందు ఒక మర్యాద ఉంది. పరాయివాడి బెండు కింద తాడుకు బిగించి రెండు ముడులు వేస్తారు. అంటే 'చూశాం, తీసెయ్' అని. తియ్యకపోతే తర్వాత కత్తి. ఏవిస్ చిన్నప్పుడు ఆ కత్తి ఒకసారి బయటికి వచ్చి రెండు వేసవులు లోపలికి పోలేదు. ఒక పడవ కాలింది. ఒకాయన చెయ్యి పోయింది.

క్లాసుకు ముందు ఆదివారం ఏవిస్‌కు ఒక ఆలోచన వచ్చింది. అట్టలు ప్రతిసారీ ఊడి కింద పడుతున్నాయి. వాటిని బెండ్లకు కట్టి వేలాడదీస్తే? కొట్టంలోకి వెళ్లి ఓరిన్ బెండ్లు ఆరు తెచ్చింది. బడి గోడకు మేకులు కొట్టి వరసగా తగిలించింది. హెచ్చరిక అన్న మాట దగ్గర ఆగి, బెండు కింది తాడుకు రెండు ముడులు వేసింది. ఓరిన్ నేర్పిన ముడులే, బిగువుగా వచ్చాయి. కాస్త దూరం జరిగి చూసుకుని, బాగుందనుకుని ఇంటికి పోయింది.

సోమవారం పదకొండు మంది వచ్చారు. తమ్ముడి కొడుకు కోల్బీ ఫికెట్ మొదటి బెంచీలో కూర్చున్నాడు. కిటికీ దగ్గర మెర్ల్ కార్వర్ కూతురు కెండ్రా కూర్చుంది. పదహారేళ్ల పిల్ల, చేతులు మాత్రం పెద్దవాళ్లవి. విద్యార్థి లైసెన్సు మీద సొంతంగా బోనులు వేస్తుంది.

ఏవిస్ మొదటి వాక్యం చదివింది. "ఇంటి పగ పిల్లలకు ఆస్తిలాగే సంక్రమిస్తుంది."

కోల్బీ తలుపు వైపు నడిచాడు. "మా నాన్న పగ ఇస్తానంటే నాకొద్దంటానత్తా. పడవ ఇమ్మంటాను."

"క్లాసులో అత్తా ఏంట్రా?"

"పడవ ఇమ్మంటాను, టీచర్."

అందరూ నవ్వారు. వెలి అన్న మాట దగ్గర ఒక పిల్లాడు, వాళ్ల బాబాయికి ఒక వేసవంతా రేవులో ఎవరూ ఎర అమ్మలేదని చెప్పాడు. అహంకారం దగ్గర, మన రేవులో పట్టనంత పడవ కొన్న మనిషి ఒకాయన ఉన్నాడని ఎవరో అంటే పేరు చెప్పొద్దంది ఏవిస్. చెప్పకపోయినా అందరికీ తెలుసు.

హెచ్చరిక దగ్గరికి వచ్చేసరికి క్లాసు చల్లబడింది. ఏవిస్ బెండు కింది ముడులు చూపించింది.

"ఇదేంటో మీకు నేను చెప్పక్కర్లేదు. మరి ఇది వచ్చినవాళ్లు ఏం చెయ్యాలి?"

కెండ్రా అంది, "ముందు ఎవరు కట్టారో చూసుకోవాలి."

"బాగా చెప్పావు," అంది ఏవిస్. "కట్టిందెవరో తెలిశాక?"

"తెలిశాక మా నాన్నకు చెప్పాలి."

బెల్లు కొట్టారు. పిల్లలు తోసుకోకుండా, ఒకళ్ల వెనక ఒకళ్లు బయటికి పోయారు. ఇన్నేళ్లలో హెచ్చరిక అన్న మాట ఇంత బాగా నాటుకోవడం ఇదే మొదలనుకుంది ఏవిస్.

ఆ సాయంత్రం ఆమె బీన్స్ పొయ్యి మీద పెట్టి ఉల్లిపాయ తరుగుతుంటే ఫోను మోగింది. తమ్ముడు డ్వైట్.

"అక్కా, నువ్వు మామూలు దానివి కాదు."

"ఏమైంది?"

"ఏమవ్వాలి? రెండు నెలల నుంచి మేమంతా చెబుదామా వద్దా అని గుంజాటన పడుతుంటే, నువ్వు బడి గోడ మీద తాడుతో చెప్పేశావు. ఎంతైనా ఫికెట్ల పిల్లవి."

"దేని గురించిరా?"

"కార్వర్ పిల్ల బెండుకు ముడులు కట్టావటగా. కోల్బీ చెప్పాడు."

"పాఠం కోసం కట్టాన్రా. అయినా ఆ బెండు ఓరిన్‌ది."

డ్వైట్ నవ్వాడు. "ఓరిన్ రంగులు ఇప్పుడు నీళ్ల మీద ఎవరేస్తున్నారక్కా?"

ఏవిస్ కత్తి కింద పెట్టింది.

కెండ్రాయే వేస్తోంది. ఏప్రిల్‌లో లైసెన్సు వచ్చినప్పుడు ఆ పిల్లకు సొంత రంగులు కావలసి వచ్చాయి. అప్పుడు ఏవిసే పిలిచి ఇచ్చింది. "ఓరిన్‌వి తీసుకోవే. కొట్టంలో పడుండే బదులు నీళ్ల మీద ఉంటాయి," అంది. కాగితం మీద సంతకం కూడా చేసింది. ఇచ్చి ఆరు నెలలైంది.

"మెర్ల్ రేపు పొద్దున్నే మన తాళ్లు కోస్తాడట," డ్వైట్ చెప్పుకుపోతున్నాడు. "కొయ్యనీ. మావాళ్లూ కత్తులు నూరుకుని కూర్చున్నారు."

"నేను పొరపాటున కట్టానని వాళ్లకు చెప్పు."

"ఎవరు నమ్ముతారక్కా? ఆ ముడి తెలియకుండా పడేది కాదు. నువ్వు ఎక్కడో పట్నం నుంచి వచ్చినదానివా?"

అదే నిజం. బయటి ఊరి టీచరు కట్టి ఉంటే నవ్వి ఊరుకునేవాళ్లు. ఏవిస్ మెర్ల్ ఇంటికి ఫోను చేసింది. ఎత్తి, పెట్టేశారు. బీన్స్ అడుగంటాయి.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే బడికి వెళ్లి ఆ బెండును మేకు నుంచి తీసింది. ముడులు విప్పలేదు. అలాగే కారు ముందు సీట్లో పెట్టుకుని రేవుకు పోయింది.

దీపాల కింద పడవలవాళ్లు ఎర తొట్లు దింపుకుంటున్నారు. ఒక పక్క కార్వర్లు, ఒక పక్క డ్వైట్, వాడి బావమరుదులు. రోజూ ఒకళ్ల కాఫీ ఒకళ్లు తాగేవాళ్లు, ఆ పొద్దున ఎవరి ఫ్లాస్కు వాళ్లదే. బడి వేళ దాకా తండ్రికి సాయం చెయ్యడానికి వచ్చిన కెండ్రా ఎర సంచులు నింపుతోంది. ఆడవాళ్లు ఆ వేళకు రేవుకు రావడం వింతేమీ కాదు గానీ, ఏవిస్ ఓరిన్ పోయాక అక్కడ కాలు పెట్టలేదు. అందుకని అందరూ చూశారు.

ఆమె నేరుగా మెర్ల్ ముందుకు వెళ్లి బెండు ఎత్తి చూపించింది.

"ఇది నేనే కట్టాను, మెర్ల్. నీ కూతురికి కాదు."

"మరెవరికి?" అన్నాడు మెర్ల్. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లు. "రంగు నా కూతురిది. కట్టింది ఫికెట్ల పిల్ల. ఇంకా ఏం మిగిలింది?"

"రంగు ఓరిన్‌దనుకుని కట్టాను."

"నీ చేత్తో నువ్వే ఇచ్చి ఇంకా ఓరిన్‌దేంటి? నేను పిచ్చోణ్ణా?"

వెనక ఎవరో చిన్నగా నవ్వారు. ఏవిస్ బెండును రెండు చేతులతో పట్టుకుంది.

"నా వంటింటి కిటికీలోంచి నీళ్లలో ఆ ముక్కు రాయి దాకా కనిపిస్తుంది. పొద్దున లేచి అక్కడ ఆ ఎర్ర చార బెండ్లు చూస్తే, ఓరిన్ ఇవాళ దగ్గర్లోనే వేశాడు, అన్నానికి వస్తాడు అనుకుంటాను. కాఫీ గిన్నె పెట్టేదాకా అలాగే ఉంటుంది. ఏప్రిల్ నుంచీ రోజూ. నీ కూతురు కష్టపడి వేసినవి. అవి నేను ఓరిన్ ఖాతాలో వేసుకుంటున్నాను. ఆదివారం కొట్టంలోకి పోయినప్పుడు కూడా, ఇవి ఇంకొకళ్లవన్న మాటే నాకు తట్టలేదు."

మెర్ల్ చేతిలోని ఎర తొట్టి కింద పెట్టాడు.

"మూడేళ్లయింది ఏవిస్," అన్నాడు.

"తెలుసు. నాకు లెక్కలొచ్చు."

అప్పుడు డ్వైట్ గొంతు సవరించుకున్నాడు. అక్కను వెనకేసుకొస్తే ముడులు నిజమవుతాయి. వదిలేస్తే తన కత్తి నూరడం వెర్రి పనవుతుంది. రెండో దానికే ఒప్పుకున్నాడు.

"మా అక్క అంతే, మెర్ల్. బుర్ర నాలుగొందల ఏళ్ల కిందటి శవాల దగ్గరే ఉంటుంది. మాకు చెప్పి కట్టింది కాదు."

"మరి నిన్న సాయంత్రం నువ్వు స్టోర్లో ఛాతీ విరుచుకుని తిరిగావటగా?"

"నడుం నొప్పి."

ఈసారి నవ్వు రెండు వైపుల నుంచీ వచ్చింది, పెద్దది కాదు. కెండ్రా చేతి తొడుగులు తీసి, ఏవిస్ చేతుల్లోంచి బెండు అందుకుంది. ఆ ముడులు విప్పాల్సింది వాటిని అందుకున్నవాళ్లే. గోళ్లతో ఒకటి, పళ్లతో ఒకటి విప్పి, బెండును తండ్రి పడవలోకి విసిరింది.

"నాది ఒకటి మొన్న తెగిపోయింది. ఇది పనికొస్తుంది," అంది.

ఆ రోజు ఎవరూ ఎవరి తాడూ కొయ్యలేదు. నవంబరులో ద్వీపం వెనకాల నాలుగు బోనులు మాయమయ్యాయి. అవి గాలివానకు పోయాయని కొందరన్నారు, కాదని కొందరన్నారు. నాటకం గురించి హాన్స్‌కమ్ మళ్లీ ఎత్తలేదు.

ఆ మంగళవారమే క్లాసులో గోడ మీద ఐదు బెండ్లే ఉన్నాయి. ఆరో మేకుకు హెచ్చరిక అన్న అట్ట ఒక్కటే వేలాడింది. ఏవిస్ పుస్తకాలు పంచింది. కెండ్రా ఎర వాసనతో ఆలస్యంగా వచ్చి కూర్చుంది. కోల్బీ ముక్కు మూసుకుంటే, "మీ ఇంట్లో గులాబీలేసుకుని పోతారా వేటకు?" అంది. మొదటి అంకం చదవడం మొదలుపెట్టారు.

బెల్లయ్యాక ఏవిస్ ఆ పిల్లను ఆపింది.

"ఆ ఎర్ర చార మార్చుకోవే."

"ఎందుకు టీచర్? బాగానే ఉందిగా."

"నా కోసం."

కెండ్రా ఆలోచించింది. "మళ్లీ కాగితాలు పెట్టాలి. బోలెడు బెండ్లు, అన్నీ తీసి వెయ్యాలి."

"కాగితాలు నేను రాస్తాను. శనివారం కొట్టంలోకి రా. కుంచె ఉంది."

ఇద్దరూ రెండు శనివారాలు కూర్చుని వేశారు. కెండ్రా నీలం ఎంచుకుంది. వాళ్ల వంటింటి కుర్చీలకు వెయ్యగా సగం డబ్బా మిగిలి ఉందట, అందుకని.