నిదానం విప్పిన గేరు

ఆ మెకానిక్‌ని అందరూ నిదానం అనే పిలుస్తారు. నిదానమే ప్రధానమన్న సామెత ఈయన కోసమే పుట్టిందని వెక్కిరిస్తారు. ఆయన కోప్పడడు. రెంచీలు తుడుచుకుంటూ తన పని తాను చూసుకుంటాడు.

పిండిమర నడిపే ఆవిడకి మాత్రం ఆ పూట నవ్వులాట మీద మనసు లేదు. తండ్రి నడిపిన మర ఇంజను నాలుగు రోజులుగా పడకేసింది. కొత్త గేరు తెచ్చినా, పళ్లు అరిగిపోయిన పాత గేరు ఊడిరాకుండా షాఫ్టుని ఉడుంపట్టు పట్టింది. అలాంటి షాఫ్టు ఇప్పుడెక్కడా దొరకదు. అది విరిగితే ఇంజను పాత ఇనుప సామాన్ల కొట్టుకి పోతుంది, మర మూతపడుతుంది. ఇద్దరు మెకానిక్‌లు సమ్మెట ఎత్తితే ఆవిడే అడ్డుపడి, నిదానాన్ని పిలిపించింది.

ఆయన ముందురోజు గేరుని బిగించిన నట్టు విప్పి, సందులో నూనె పోసి వెళ్లిపోయాడు. ఇవాళ వచ్చి, విప్పిన నట్టునే మళ్లీ షాఫ్టు కొసకి నాలుగు చుట్లు ఎక్కించాడు. విప్పమంటే బిగిస్తాడేమిటని ఆవిడకి ఒళ్లు మండింది. ఆయన గేరుని బయటికి లాగే మూడు కాళ్ల పుల్లరు తగిలించి, దాని బోల్టుని పావు చుట్టు తిప్పి ఆగాడు. మళ్లీ పావు చుట్టు. గేరు ఉలకలేదు, పలకలేదు. అప్పుడు పీట వేసుకు కూర్చుని, వేడికి గేరు సాగి వదులయ్యేలా, షాఫ్టుకి సెగ తగలకుండా దాని చుట్టూ గ్యాసు మంట తిప్పసాగాడు.

గంట గడిచింది. ఇద్దరిని ఆపిన మనిషికే ఓపిక నశించింది.

"ఒక్క దెబ్బ వేస్తే పోదా బాబాయ్?"

నిదానం మంట ఆపలేదు.

"ఇది రెండో షాఫ్టమ్మా. మొదటిది ఒక్క దెబ్బకే పోయింది. వేసింది నేనే, మీ నాన్న దగ్గర పనికి కుదిరిన కొత్తలో."

ఈ సంగతి తండ్రి ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు.

అంతలో టప్పుమని చప్పుడైంది. గేరు ఒక్క గెంతు గెంతి, కొసనున్న నట్టుకి తగిలి ఆగింది. ఆ నట్టే లేకపోతే గేరు, పుల్లరు కలిసి ఆవిడ కాళ్ల మీదే పడేవి. షాఫ్టు చల్లారాక ఆవిడ బొటనవేలితో తడిమి చూసింది. ఎక్కడా గీత కూడా పడలేదు. కళ్లు చెమర్చాయి.

"నాన్న నిన్నేమీ అనలేదా?"

"అన్నాడు. మర్నాడు ఈ షాఫ్టు కొత్తగా తెచ్చి నా చేతికే ఇచ్చి, 'ఈసారి నిదానంగా' అన్నాడు. ఆ రోజు నుంచే ఈ పేరు," అని, కొత్త గేరు అందివ్వమని చెయ్యి చాపాడు.