నేను గొట్టం కడిగిన వైనం

ఇరవై మూడేళ్ల వయసులో నాకున్నంత శుభ్రత ఆ తర్వాత ఎప్పుడూ లేదు. ఆ రోజుల్లో నేను కివీల దేశానికి దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో పాలిటెక్నిక్ చదువు వెలగబెడుతున్నాను. కాస్త దిగితే సముద్రం, అవతల మంచు తప్ప మరేమీ లేని ఆ ఊళ్లో, వేలికొనలు కొంకర్లు పోయే చలిలో కూడా గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి నీళ్లు తాగేవాడిని. సగం నీళ్లు స్వెట్టర్ తాగేది. నా రూమ్మేటుది గుంటూరు, కాబట్టి అతని పేరు కూడా గుంటూరే. నేను కరీంనగర్ వాణ్ణి. ఇంట్లో అమ్మమ్మ పెంపకం కాబట్టి, ఎంగిలి అనే మాట నాకు అక్షరాల కన్నా ముందు వచ్చింది.

మేముండే ఫ్లాట్ ఒక కివీ దంపతుల ఇంటి వెనక భాగం. ఆవిడను ఆంటీ అనేవాళ్లం. ఆవిడకు ఆ పిలుపు నచ్చి, తన స్నేహితురాళ్ల ముందు రెండుసార్లు పిలిపించుకునేది. పెద్దాయనకు మూడేళ్ల కిందట గొంతు ఆపరేషన్ అయింది. స్వరపేటిక తీసేశారు. మెడ దగ్గరున్న రంధ్రం గుండానే ఊపిరి. పెదవులు కదిలేవి గానీ శబ్దం రాదు. ఏదైనా చెప్పాలంటే జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి రాసేవాడు. ఆస్పత్రివాళ్లు మెడకు ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారట. అందులోంచి పాలు అయిపోయాయన్నా, నువ్వంటే ఇష్టమన్నా ఒకే గరగర. ఆయన దాన్ని సొరుగులో పడేశాడు.

ఆయన గ్యారేజీలో కారు ఉండదు, స్టీల్ గిటార్ ఉంటుంది. దీన్ని ఒళ్లో పడుకోబెట్టి, ఎడమ చేత్తో తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయిస్తారు. మెట్టు మీద వేలు నొక్కే పని లేదు కాబట్టి స్వరం జారుతూ, ఒరుసుకుంటూ పోతుంది, వీణ మీద గమకంలాగా. మనుషుల మాట కూడా అలాగే జారుతుందనీ, అందుకే ఈ వాద్యానికి మాట నేర్పాలని పాతకాలం వాళ్లకు బుద్ధిపుట్టిందనీ ఆయన నోట్‌బుక్‌లో రెండు పేజీలు రాసి చూపించాడు. వెనకటికి అమెరికాలో ఒక వాద్యకారుడు తెర వెనక తన భార్యను నిలబెట్టి, ఆవిడ గొంతుకు చిన్న పరికరం ఆనించి, గిటార్ నాదం అందులోంచి పోతుంటే ఆవిడచేత మాటలు ఆడించేవాడట. జనం గిటారే మాట్లాడిందనుకుని నోళ్లు వెళ్లబెట్టేవారు. (కష్టం ఆవిడది, పేరు ఆయనది. ఈ పద్ధతి మనకు కొత్త కాదు.) తర్వాత గొట్టం వచ్చింది. గిటార్ నాదాన్ని ఒక పెట్టెలోని స్పీకర్‌కు పంపి, అక్కణ్ణుంచి ప్లాస్టిక్ గొట్టంతో నోట్లోకి తెస్తారు. నాదం గిటారుది, పెదవులూ నాలుకా మనవి. మైకు ముందు నోరు కదిపితే చాలు, గిటార్ మాట్లాడుతుంది. గొంతుతో పనే లేదు.

చివరి వాక్యం కింద ఆయన రెండు గీతలు గీశాడు. ఆపైన అసలు సంగతి రాశాడు. వచ్చే ఆదివారానికి వాళ్ల పెళ్లయి యాభై ఏళ్లు. మ్యూజిక్ క్లబ్ హాల్లో మధ్యాహ్నం టీ ఉంది. అక్కడ ఆవిణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు. మూడేళ్లయింది పిలిచి. ఆవిడకు తెలియకూడదు.

ఆదివారం పొద్దున ఆయన సాధన చేస్తూ, నోట్లోంచి గొట్టం తీసి నాకు అందించాడు, నువ్వూ ఒకసారి చూడమని. దాని కొసన తడి మెరుస్తోంది. తర్వాత చూస్తానని పక్కన పెట్టాను. ఆయన లోపలికి వెళ్లగానే గొట్టాన్ని గ్యారేజీ సింకు దగ్గరికి లాగి, గిన్నెల సబ్బు పోసి, వేణ్ణీళ్లు పట్టి, అమ్మమ్మ చూస్తే మెచ్చుకునేలా కడిగాను. రెండో కొస పెట్టెకే తగిలించి ఉంది. పెట్టె నేల మీద ఉంది. (నేను చదువుతున్నది ఎలక్ట్రానిక్స్. ఎవరూ అడక్కపోతే ఈ సంగతి చెప్పను.)

ఆయన తిరిగొచ్చి మీటాడు. పెట్టె ఒకసారి గుడగుడమని, మరి పలకలేదు. టీకి ఇంకా మూడు గంటలే టైముంది.

"గొట్టం కడిగితే నీళ్లు పెట్టెలోకి పోతాయని తెలీదంట్రా నీకు?" అన్నాడు నేను పిలిస్తే వచ్చిన గుంటూరు.

"గొట్టమే గదా అనుకున్న. నీళ్లు కిందికి పోతయని యాది లేకపాయె."

"న్యూటన్ కూడా నీలాగే మర్చిపోయుంటే బాగుండేది."

పెద్దాయనకు తల వంచుకుని ఒప్పుకున్నాను. ఎంగిలికి ఇంగ్లీషులో మాట దొరక్క, మా ఇళ్లలో ఒకరి నోట్లోది ఇంకొకరు పెట్టుకోరని చెప్పాను. ఆయన భుజాలు అదిరేలా నవ్వాడు, చప్పుడు లేకుండా. నోట్‌బుక్ తీసి రాశాడు: "మరి పెళ్లయ్యాక ఎలా?" తిట్టి ఉంటే ఇంత సిగ్గు వేసేది కాదు.

నా కారు తలుపులోని స్పీకర్ ఊడదీశాం. దాని మీద ఆయిల్ పోసే గరాటు బోర్లించి, చుట్టూ టేపు చుట్టి, గరాటు మూతికి గొట్టం తగిలించాం. ఆయన నోట్లో పెట్టుకుని మీటాడు. మాటకు బదులు బుడబుడ వచ్చింది. గొట్టం మధ్యలో నా సబ్బునీళ్లు ఇంకా ఉన్నాయి. విదిలించాం, రాలేదు. ఊదాలి. గుంటూరు రెండు చేతులతో గరాటు పట్టుకుని ఉన్నాడు. పెద్దాయన ఊదలేడు, ఆయన ఊపిరి నోటి దాకా రాదు. గొట్టం నావైపు చాచాడు. కొసన తడి అలాగే మెరుస్తోంది.

గరాటులోంచి గొట్టం రెండో కొస పీకి, కళ్లు మూసుకుని, అమ్మమ్మకు మనసులో క్షమాపణ చెప్పుకుని ఊదాను. సబ్బు బుడగలు గుంటూరు ముఖం మీద పేలాయి. రుచి నిమ్మకాయ సబ్బుది. ఎంగిలి రుచి ఎలా ఉంటుందో నాకు తెలియకుండానే పోయింది.

హాల్లో నలభై మంది ఉంటారు. స్కోన్లనే చిన్న బన్నులు, జామ్, టీ. తన వేడుకే అయినా ఆంటీ గోడవైపు తిరిగి కప్పుల్లో టీ పోస్తోంది, ఇంకొకరు పోస్తే పలచనవుతుందని ఆవిడ భయం. పెద్దాయన గిటార్ ఒళ్లో పెట్టుకున్నాడు. మొదటిసారి వచ్చింది మాట కాదు, దూడ అరుపు. ఎవరో నవ్వారు. నేను గరాటును రెండు చేతులతో ఇంకా గట్టిగా అదిమి పట్టుకున్నాను. ఆయన కడ్డీ కాస్త వెనక్కి జరిపి, మళ్లీ మీటి, పెదవులు నెమ్మదిగా కదిపాడు. ఈసారి పేరు వచ్చింది. వాళ్లిద్దరి మధ్య ఉండే ముద్దుపేరు, ఇక్కడ రాయను. చివర కొద్దిగా పైకి జారింది, వంటింట్లో ఉన్న మనిషిని ముందుగదిలోంచి పిలిచినట్టు.

"వస్తున్నా, ఉండు," అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే. టీ పోస్తూనే ఉంది.

తర్వాత ఆవిడ చేయి ఆగింది. కెటిల్ బల్ల మీద పెట్టింది. ఆవిడ నడిచి వచ్చి ఆయన పక్కన కూర్చుని, "ఏంటి?" అంది. ఆయన దగ్గర ఇంకో మాట సిద్ధంగా లేదు. అందుకని పేరే మళ్లీ పలికించాడు. నాకు ఏడుపొచ్చింది, చేతులు ఖాళీ లేక తుడుచుకోలేదు.

ఇప్పుడు అదే దేశంలో ఉత్తరాన, బోటనీ డౌన్స్‌లో ఉంటున్నాం. పెద్దాయన పోయాక ఆంటీ ఆ గొట్టం నాకు పోస్టులో పంపింది. మొన్న మా అమ్మాయి గ్యారేజీలో దాన్ని చూసి, కొస నోటి దాకా తీసుకెళ్లి ఆగింది.

"డాడీ, దిస్ థింగ్... వాష్ చేశావా?"

"చేశా తల్లీ, ఒక్కసారి," అన్నాను. ఇప్పటికీ గ్లాసు ఎత్తే తాగుతాను. కానీ ఆ గొట్టాన్ని మాత్రం మళ్లీ కడగలేదు.