పిన్నీసు రికార్డ్స్ వారి రెండు క్యాసెట్లు

ఆ రోజుల్లో నాకు తెలియని పనులన్నీ నాకు తేలిగ్గా కనిపించేవి. తెలిసిన పనులు ఎలాగూ లేవు కాబట్టి ప్రపంచంలో అన్నీ తేలికే అన్నమాట. అలాంటి ధైర్యం ఉన్న వయసులో, బందరులో డిగ్రీ చదువుతున్నట్టు ఇంట్లోవాళ్లని నమ్మిస్తూ, మేం ముగ్గురం కలిసి ఒక పంక్ రాక్ క్యాసెట్ల కంపెనీ పెట్టాం. ఈ సంగతి నేను దాదాపు మరిచిపోయాను. మొన్న హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేసి, సొంతంగా పాటలు విడుదల చేసిన చిన్న చిన్న కంపెనీల చరిత్ర రాస్తున్నానని, మీ పిన్నీసు రికార్డ్స్ గురించి చెప్పండి మేడమ్ అని అడిగాడు. (లోన్ ఇస్తామనేవాళ్లు తప్ప నన్ను ఫోన్లో మేడమ్ అని ఎవరూ పిలవరు. గుడివాడలో జిరాక్సు షాపు నడుపుకుంటున్నదాన్ని. అప్పుడూ ఇప్పుడూ నా వృత్తి కాపీలు తీయడమే.) చరిత్ర అనే మాట వినగానే కొంగు సర్దుకుని నిటారుగా కూర్చున్నాను. అతనికి చెప్పిన చరిత్రే ఇది. సిగ్గుపడి అతనికి చెప్పకుండా వదిలేసిన భాగాలు కూడా ఇక్కడ కలిపాను.

ముందు భాగస్వాములు. మొదటివాడు రోల్డుగోల్డు. చిలకలపూడిలో గిల్టు నగలు చేసే ఇంట్లో పుట్టాడు కాబట్టి ఆ పేరు. వాడి దగ్గర ఒక గిటారు, దానికి ఐదు తీగలు, హైదరాబాదు వెళ్లి ఏదైనా రికార్డింగు స్టూడియోలో పని నేర్చుకోవాలనే కోరిక ఉండేవి. రెండోవాడు ఎల్డరుగారబ్బాయి. వాళ్ల నాన్న మా చర్చిలో పెద్ద. ఇతను ప్రతి ఆదివారం అక్కడ డ్రమ్ము వాయించేవాడు. ముసలివాళ్లకి అందేంత నెమ్మదిగా వాయించీ వాయించీ చేతులు తిమ్మిరెక్కి, ఎక్కడైనా ఒక్కసారి గట్టిగా కొట్టాలని తపించేవాడు. మూడోదాన్ని నేను. నాకు ఏ వాయిద్యమూ రాదు. గొంతు చూద్దామా అంటే, ఎంత కోపంగా అరిచినా కీర్తనలాగే వచ్చేది. అందుకని పాటలు రాయడం, క్యాసెట్లు అమ్మడం నాకప్పగించారు.

దీనంతటికీ కారణం షిప్పులో పనిచేసే మా మావయ్య. ఏదో రేవులో ఒక క్యాసెట్టు కొని, అది తనకి నచ్చక, మేనకోడలి మీద ప్రేమతో నాకు తెచ్చిచ్చాడు. అట్ట సగం చిరిగిపోయి, పాడినవాళ్ల పేరు పోయి, బొమ్మ మిగిలింది. చిరుగుల చొక్కాని పిన్నీసులతో కలిపి తొడుక్కున్న ఒక కుర్రాడు మనవైపు గుర్రుగా చూస్తుంటాడు. పాటలు ఒక్కోటీ రెండు నిమిషాలు. ఎవరిమీదో తెలియదు గానీ విపరీతమైన కోపం. మూడుసార్లు విన్నాక ఎల్డరుగారబ్బాయి, వీళ్లకి వాయించడం రాదని తేల్చాడు. "మనకీ రాదుగా," అన్నాడు రోల్డుగోల్డు. ఆ ఒక్క మాటతో కంపెనీ పుట్టింది.

పాటలు రాద్దామని కూర్చుంటే మొదటి చిక్కొచ్చింది. పంక్ పాటకి కోపం కావాలి. మాకున్న కోపమల్లా చల్లపల్లి బస్సు మీద. చెయ్యెత్తినా ఆపకుండా పోయేది. సరే, దాన్నే తిడుతూ ఒక పాట రాశాను. ఎల్డరుగారబ్బాయి చదివి, డ్రైవరుగారు వయసులో పెద్దాయన, పాటలో అయినా నువ్వు అనడమేమిటని అడ్డం తిరిగాడు. మర్యాద చేర్చాక మా విప్లవగీతం ఇలా తయారైంది:

ఏవండీ ఏవండీ బస్సు కాస్త ఆపండీ
చెయ్యెత్తీ చెయ్యెత్తీ భుజం పోయిందండీ
ఆపకపోతే పోండీ, పోతే పోండీ, పోండీ!

(చివరి 'పోండీ' దగ్గర రోల్డుగోల్డు గొంతు చిరిగిపోయేలా అరవాలి. అరిచేవాడు. అండీతో సహా.)

రికార్డింగుకి చోటు రోల్డుగోల్డు వాళ్ల నాన్నగారి వర్క్‌షాపు. ఆయన్ని నేను మావయ్యగారనేదాన్ని. పనివాళ్లకి నెలకి ఒక్క అమావాస్య సెలవు. ఆ ఒక్క రోజే సుత్తుల చప్పుడు ఉండదు కాబట్టి, మా పంక్ కంపెనీ పంచాంగం చూసుకుని పనిచేసేది. అమావాస్యనాడు ఉదయాన్నే నేను చిలకలపూడి బయల్దేరుతుంటే, క్రైస్తవుల ఇంట్లో పుట్టి ఈ పిల్ల తిథులు లెక్కపెడుతోందేమిటని మా అమ్మ గుమ్మంలో నిలబడి అనుమానంగా చూసేది. ఎల్డరుగారబ్బాయికి చర్చి డ్రమ్ము బయటికి తెచ్చే అనుమతి లేదు. రేకుడబ్బాలూ, బోర్లించిన గంగాళమూ వాయించేవాడు. పాట పతాకస్థాయికి చేరినప్పుడు, నగల రేకు సాగగొట్టే ఇనుప దాగలి మీద సుత్తితో ఒక్కటిచ్చేవాడు. ఏళ్ల తరబడి ఆదివారాల్లో అణుచుకున్నదంతా ఆ దెబ్బలో ఉండేది. నాలుగు అమావాస్యలకి తొమ్మిది పాటలయ్యాయి. గుడివాడలో ఒక రికార్డింగు సెంటరులో రెండొందల కాపీలు తీయించాం. ఆ షాపాయన తన మిషను పాడైందనుకుని మొదటి కాపీని మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. తర్వాత మా ముఖాలు చూసి, మిషను బాగానే ఉందని గ్రహించి, పాపం మిగతా కాపీలు తీయడం మొదలెట్టాడు.

క్యాసెట్ల పెట్టె వర్క్‌షాపుకి చేరిన రోజున మావయ్యగారు కళ్లజోడు తీసి మా ముగ్గురినీ చూశారు. మంచి మనిషి. కొడుకు తన పక్కన బల్ల ముందు కూర్చుంటే చూసుకోవాలని ఆయనకి ఆశ, కానీ బలవంతం చేసే రకం కాదు. నాకేసి తిరిగి, "చూడమ్మాయ్, నాకు పాటలు తెలియవు. పెట్టె తెలుసు. పెళ్లిళ్ల సీజను మొదలయ్యేలోపు ఈ పెట్టె ఖాళీ అయితే, ఇది జనానికి కావాలని అర్థం. వీణ్ణి నేనే హైదరాబాదు బస్సెక్కిస్తాను. అవ్వలేదా, వచ్చి బల్ల ముందు కూర్చుంటాడు," అన్నారు. న్యాయంగానే ఉందన్నాడు రోల్డుగోల్డు. నేను మాత్రం పెట్టెలో క్యాసెట్లు మళ్లీ లెక్కపెట్టాను. ఎందుకంటే ఆ పెట్టె అమ్మాల్సింది నేను.

నెల తిరిగేసరికి అమ్మినవి ఆరు. అందులో రెండు మేమే కొన్నాం. ఒకటి మా అమ్మ కొని, వినకుండా బీరువాలో, నా బాప్తిస్మం ఫొటో పక్కన పెట్టింది. ఏం లోపమో తెలియక మళ్లీ ఆ చిరిగిన అట్ట ముందేసుకుని కూర్చున్నాం. చాలాసేపు చూసి రోల్డుగోల్డు, "వాళ్లకి పిన్నీసు ఉంది. మనకి లేదు," అన్నాడు. నిజమే. మా కంపెనీ పేరులో ఉంది గానీ, సరుకులో లేదు. క్యాసెట్టుకో పిన్నీసు ఉచితంగా గుచ్చి ఇద్దామని తీర్మానించాం. ఇక్కడే చిలకలపూడి మనిషి మాత్రమే చేయగల పొరపాటు జరిగింది. బజార్లో దొరికే మామూలు ఇనుప పిన్నీసు చూస్తే రోల్డుగోల్డుకి ఒళ్లు జలదరించింది. తుప్పు పడుతుందట, చూడ్డానికి బీదగా ఉంటుందట. బీదగా ఉండడమే కదరా వాళ్ల ఉద్దేశం అంటే వినలేదు. పదిహేను రోజులు తలొంచుకుని తనే స్వయంగా చేశాడు. ప్రతి పిన్నీసు తల మీద చిన్న మామిడిపింద, మధ్యలో తెల్లరాయి, పైన బంగారు మెరుగు. బల్ల ముందు కూర్చోవాల్సి వస్తుందేమోనన్న భయంతో, ఆ పదిహేను రోజులూ వాడు బల్ల ముందు నుంచి లేవలేదు. మావయ్యగారు అటూ ఇటూ నడుస్తూ చూసేవారు. ఒక్కసారి మాత్రం ఒక పిన్నీసు వెలుగులో పెట్టి చూసి, మళ్లీ జాగ్రత్తగా అక్కడే పెట్టేశారు.

పిన్నీసులు గుచ్చిన క్యాసెట్లు రెండు సంచుల్లో వేసుకుని నేను అవనిగడ్డ వెళ్లాను. అక్కడ నాకు పెద్దమ్మ వరసయ్యే ఒకావిడ ఆడవాళ్ల బట్టలు కుట్టే షాపు నడిపేది. నా చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో జాకెట్లన్నీ ఆవిడే. నాలుగైదు ఇక్కడ పెట్టి వెళ్లమంటుందేమో అనుకున్నాను. ఒక పిన్నీసు వేళ్ల మధ్య తిప్పి చూసి, రెండు సంచులూ వదిలేసి వెళ్లమంది. వారం తిరక్కుండానే పక్కింటి ఫోనుకి కబురొచ్చింది. అన్నీ అయిపోయాయట, ఇంకా అడుగుతున్నారట. మిగతావి పంపాం. అవీ అయిపోయాయి. పెళ్లిళ్ల సీజనుకి ఇంకా పది రోజులుండగా పెట్టె ఖాళీ. నేను వర్క్‌షాపులో ఆ ఖాళీ పెట్టెని తలకిందులు చేసి చూపించాను. మావయ్యగారు సరే అన్నట్టు తలాడించారు. ఆయన మాట తప్పే మనిషి కాదు.

హైదరాబాదు వెళ్లేముందు మన శ్రోతల్ని ఒక్కసారి చూసి వద్దామన్నాడు రోల్డుగోల్డు. ఆ ఆలోచన రాకపోయి ఉంటే చరిత్ర ఇంకోలా ఉండేది. ముగ్గురం అవనిగడ్డ బస్సెక్కాం. (ఆగింది. పాట ప్రభావమని ఎల్డరుగారబ్బాయి నమ్మాడు.) బస్సు దారిలో ఒకచోట ఆగితే కిటికీలోంచి చూస్తున్నాను. ఒక మినుము చేనులో పుల్లలు పాతి, ఒక పుల్ల నుంచి ఇంకో పుల్లకి గోధుమరంగు రిబ్బను కట్టారు. ఎండకి తళతళా మెరుస్తోంది, గాలికి జుమ్మంటోంది. పిట్టలు దరిదాపుల్లో లేవు. గట్టు మీద ఒలిచేసిన క్యాసెట్టు పెంకులు పడున్నాయి. వాటి మీద నా చేతిరాత. నేను వాడి దృష్టి మళ్లించేలోపే రోల్డుగోల్డు కూడా చూశాడు. "పిట్టలైనా విన్నాయి," అన్నాడు.

దిగాక, బజారులో నడుస్తుంటే ఎవరి భుజం మీద చూసినా మామిడిపింద. కూరగాయలమ్మే ఆవిడ, బస్టాండులో టీచరమ్మ, పెళ్లికి వెళ్తున్న ఆరుగురు ఆడవాళ్లు, అందరి పమిటలూ మా కంపెనీయే పట్టుకుని నిలబెడుతోంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మా అమ్మ పమిటకి పిన్నీసు పెట్టుకోవడం చూస్తున్నదాన్ని, ముగ్గురిలో ఒక్కదాన్నే ఆడపిల్లని, ఆ ముక్క నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు. ధైర్యం చేసి ఒకావిడని క్యాసెట్టు ఎలా ఉందండీ అని అడిగాను. "పిన్నీసుతో ఇచ్చారే, అదా? దాని మీద మా పిల్లది పద్యాలు రికార్డు చేసుకుందమ్మా. బాగా వచ్చాయి," అంది సంతోషంగా.

ఇక తిరిగి వెళ్లిపోదామంటే రోల్డుగోల్డు ఒప్పుకోలేదు. పెద్దమ్మకి థాంక్స్ చెప్పకుండా వెళ్తే బాగోదన్నాడు. షాపు ఇంకా నాలుగడుగుల దూరం ఉండగా మా ముగ్గురి కాళ్లూ ఒకేసారి ఆగిపోయాయి. లోపల గంగాళం మోగుతోంది. దాగలి మీద సుత్తి పడింది. పోతే పోండీ, పోండీ. దాని కింద సరిగ్గా అదే వేగంతో కుట్టుమిషను టకటకలాడుతోంది. గుమ్మంలోంచి చూస్తే, పెద్దమ్మ కళ్లజోడు ముక్కు చివరికి జారింది, పాదం తొక్కుడు చెక్క మీద ఆడుతోంది, జాకెట్టు చేయి ఒకటి సూది కింద నుంచి పరుగెడుతోంది.

"రండి రండి. పిన్నీసు మా కోడలికిచ్చేశాను గానీ ఇదొకటి నేనుంచుకున్నానమ్మా," అంది.

"రోజూ వింటారా అండీ?" అన్నాడు రోల్డుగోల్డు. వాడి గొంతు అంత మెల్లగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"రోజూనే బాబూ. చర్చి పాటలు పెడితే కాలు నెమ్మదిస్తుంది, నాకు నిద్రొస్తుంది. మీవి పెట్టానంటే మధ్యాహ్నానికి నాలుగు జాకెట్లు తెములుతున్నాయి. ఒక్కటే ఇబ్బంది. మిషను అయ్యాక హుక్సులూ కాజాలూ చేత్తో కుట్టుకోవాలి కదా, అప్పుడు దీని వేగానికి సూది వేలికి గుచ్చుకుంటోంది. ఇంకోటి చేస్తే, ఒకవైపు కాస్త నిదానంగా చేయకూడదూ?"

తిరుగు బస్సు దిగగానే రోల్డుగోల్డు నేరుగా వర్క్‌షాపుకెళ్లి వాళ్ల నాన్నగారి ముందు నిలబడ్డాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, హైదరాబాదు వెళ్లిపోవచ్చు. నేను వాడి చొక్కా వెనకనుంచి లాగాను కూడా. (చరిత్రకారుడికి ఈ ముక్క చెప్పలేదు.) "నాన్నా, పెట్టె ఖాళీ అయింది పిన్నీసుల వల్ల. పాటలు విన్నది ఒక్కరే," అన్నాడు.

మావయ్యగారు చేతిలో పని ఆపలేదు. "పిన్నీసుల సంగతి నాకెప్పుడో తెలుసురా. షాపులవాళ్లొచ్చి, క్యాసెట్లు లేకుండా ఇవ్వగలరా అని అడిగి వెళ్లారు. నువ్వు చెప్తావో లేదోనని చూస్తున్నాను," అన్నారు. తర్వాత కళ్లజోడు తీసి, "ఆ విన్నావిడ ఏమంది?" అని అడిగారు.

వాడు అంతా చెప్పాడు, హుక్సులూ కాజాలతో సహా. ఆయన శ్రద్ధగా విని, "మరి ఆర్డరు ఇచ్చింది కదా, చేసివ్వవూ? అమావాస్య ఎప్పుడో చూసుకో," అన్నారు.

రోల్డుగోల్డు హైదరాబాదు వెళ్లలేదు. పంపనన్నవాళ్లెవరూ లేరు. వాడే బల్ల ముందు కూర్చున్నాడు, ఇప్పటికీ కూర్చుంటున్నాడు, ఆ మామిడిపింద పిన్నీసు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ వాడి దగ్గర నుంచే వెళ్తుంది. ఎప్పుడైనా బాధపడుతుంటాడా అని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అమావాస్యనాడు ఫోన్ చేస్తే వెనక గిటారు వినిపిస్తుంది, ఇంకా ఐదు తీగలతోనే, అందుకని అడగలేదు. మా రెండో క్యాసెట్టు మాత్రం మూడు అమావాస్యల్లో పూర్తయింది. మొదటి వైపు జాకెట్లకి, రెండో వైపు హుక్సులకి, కాజాలకి. నిదానంగా వాయించడం కోసం ఎల్డరుగారబ్బాయి మళ్లీ ఆదివారం చెయ్యి బయటికి తీయాల్సొచ్చింది. వాడి జీవితంలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు.

ఇంతవరకూ విని ఫోన్లో కుర్రాడు, రాసుకుంటున్న చప్పుడు ఆపి, రెండోది ఎన్ని కాపీలు వేశారు మేడమ్ అని అడిగాడు. ఒకటి అన్నాను. అతని గొంతులో గౌరవం పెరిగింది.

"అంటే, లిమిటెడ్ ఎడిషనా?"

"కాదు బాబూ. కొలతలు తీసుకుని కుట్టింది."

ఫోన్ పెట్టేశాక చెయ్యి దానంతటదే భుజం మీది పిన్నీసు మీదికి పోయింది. తెల్లరాయి ఎప్పుడో రాలిపోయింది గానీ మెరుగు పోలేదు. షాపులో ఎవరో ఆధార్ కార్డు రెండువైపులా తీయమని నిలబడి ఉన్నారు. మిషను మూత ఎత్తి కార్డు పెట్టి బటన్ నొక్కాను. అది ఎప్పటిలాగే టకటకా మొదలెట్టింది. కార్డు తిప్పి రెండో వైపు పెట్టేసరికి, కింద నా పాదం కూడా ఏదో తొక్కుతోంది. కార్డు తాలూకు పెద్దాయన కౌంటరు మీదుగా వంగి, నా కాలికేసి చూసి, చీమేదన్నా కుట్టిందేమోనండీ అన్నారు.