థర్మాకోల్ సమాధుల తోట

గేటు దగ్గర నిలబడ్డ దయ్యం తాటిచెట్టంత ఉంది. చేతిగోళ్ళు మూరెడేసి. వచ్చినవాళ్ళ నెత్తిన చెయ్యిపెట్టి ఒక్కొక్కరినే లోపలికి తోస్తోంది. మా మనవరాలు నా చొక్కా చివర పట్టుకుని వెనక్కి గుంజుతోంది.

తాటిచెట్టంత కాదు లెండి. కాళ్ళకు కర్రలు కట్టుకున్న కాలేజీ కుర్రాడు. కర్రలు విప్పితే నా భుజం దాకా వస్తాడేమో. జీవితమంతా బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి. కాలు పెట్టడానికి చోటు లేని బస్సులో నిలబడి "లోపల బోలెడంత ఖాళీ, జరగండి, జరగండి" అని అరిచీ అరిచీ, లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు ఒంటపట్టింది. రాయడానికి కూర్చున్నా ఆ జబ్బు పోవడం లేదు. అందుకని పెంచిన చోటల్లా నేనే తగ్గిస్తూ వస్తాను.

హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వచ్చే దారిలో ఉంది ఆ పార్కు. ఎండాకాలం పిల్లలు నీళ్ళలో జారడానికి వస్తారు. అక్టోబరు ఆఖరున జనం రారని కాబోలు, హాలోవీన్ అని దయ్యాల వేషాల పార్టీకి బ్యానర్లు కట్టారు. అది చూసి మా అబ్బాయికి బుర్రలో దీపం వెలిగింది.

మా ఇంటావిడ వానాకాలంలో పోయింది. సమాధుల పండుగ ఇక రెండు రోజుల్లోకి వచ్చింది. ఆ రోజు మా క్రైస్తవుల ఇళ్ళల్లో అందరూ సమాధుల తోటకు వెళ్ళి, సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు పరిచి, చీకటి పడే వేళకు కొవ్వొత్తులు వెలిగిస్తారు. కొత్త సమాధి దగ్గర మొదటి కొవ్వొత్తి ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళు వెలిగించడం మా ఇంటి పద్ధతి. మా నాన్నకు మా అబ్బాయి వెలిగించాడు. ఇప్పుడు మనవరాలి వంతు. మూడో తరగతి చదువుతోంది. నాయనమ్మ పక్కలో తప్ప నిద్రపోని పిల్ల. అలాంటిది, ఖననం రోజు తరవాత సమాధుల తోట మాట ఎత్తితే చాలు, వెళ్ళి మంచం కింద దూరుతోంది. ఎత్తుకెళ్ళి బలవంతాన అగ్గిపుల్ల గీయిస్తే అది వెలిగించినట్టు కాదు. పిల్ల లేకుండా ఆవిడ దగ్గరికి వెళ్ళి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.

"దానికి దయ్యాలంటే భయం నాన్నా" అన్నాడు మా అబ్బాయి. "అక్కడివన్నీ ఉత్తుత్తి దయ్యాలు. నాలుగు సెల్ఫీలు దిగిందంటే భయం పోద్ది."

"భయం పోవడానికి దయ్యాల దగ్గరికి తీసుకెళ్తారా ఎవరైనా?" అంది కోడలు. "ఈత రానివాణ్ణి బావిలో తోసినట్టుంది మీ వరస."

"మా నాన్న నన్ను అలాగే తోశాడు. వచ్చిందిగా ఈత!"

"మావయ్యగారు తొయ్యలేదు, మీరే కాలుజారి పడ్డారంట. అత్తయ్య చెప్పారు."

నేను పేపరు పైకెత్తుకుని మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

అలా వెళ్ళాం. లోపల గుమ్మడికాయలకు కళ్ళూ పళ్ళూ చెక్కి దీపాలు పెట్టారు. మనం దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టుకునే కాయ, అక్కడ నేలమీద కూర్చుని మనకే దిష్టి పెడుతోంది. "ఇన్ని కాయలు! ఎన్ని ఇళ్ళకు పులుసవుతాయో" అని కోడలు నిట్టూర్చింది. నోటి పక్కన రక్తం పూసుకున్న ఒక అమ్మాయి, అది చెరగకుండా నోరు చిన్నగా తెరిచి నూడుల్స్ తింటోంది. మనవరాలు దేన్నీ చూడ్డం లేదు. నా చొక్కాలో మొహం పెట్టుకుని నడుస్తోంది.

ఆ పార్కు గోడ అవతల ఎవరిదో మామిడితోట. పార్టీ కోసం దాన్ని అద్దెకు తీసుకుని, గోడకు కొత్తగా ఒక గేటు పెట్టి, అందులోంచి దయ్యాల దారి వేశారు. మామిడితోట అంటే నూజివీడు వాళ్ళకు ఎండాకాలమే. కాయ కోసి, లారీలు ఎత్తాక అటు ఎవరూ తొంగిచూడరు. వానలు తిని కొమ్మలు బరువెక్కి నేలదాకా వాలి ఉంటాయి. కింద ఆకు కుళ్ళిన వాసన. పట్టపగలే ఆ చెట్ల కింద చీకటి, సాయంత్రం ఇక చెప్పక్కర్లేదు. మెషీన్ల పొగ కొమ్మల కింద ఇరుక్కుని పైకి పోలేక అక్కడక్కడే తిరుగుతోంది. ఆకుల్లో ఆకుపచ్చ లైట్లు. కొమ్మల్లో దాచిన స్పీకర్లలోంచి కుక్క ఊళ, తలుపు కిర్రుమనడం, ఎవరో ఆడమనిషి మూలుగు, వాటి మధ్య దేన్నో గీకుతున్న చప్పుడు. సర్... సర్...

దారికి రెండు పక్కలా సమాధులు. సిలువలు వంకరగా నిలబెట్టి, మీద ఎర్రరంగు కుమ్మరించారు. మనవరాలు ఆగిపోయింది. అడుగు పడలేదు.

మా అబ్బాయి ఒక సమాధిని ఒంటిచేత్తో ఎత్తి నెత్తిమీద పెట్టుకున్నాడు. "ఇదిగో చూడు, థర్మాకోల్! టీవీ డబ్బాలో వస్తుందే, అది!"

అది తల తిప్పి చూసింది. వేలితో పొడిచింది. చిన్న ముక్క ఊడి చేతికి వచ్చింది. నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో. ఇక ఆ పిల్లను పట్టడం మా వల్ల కాలేదు. ఒక్కొక్క సమాధినీ దరువేసుకుంటూ పోయింది. ఒక మూల, చెట్టు మొదట్లో ఉన్న పెద్ద సమాధి ఎక్కి కూర్చుని కాళ్ళు ఊపుతూ "అమ్మా, ఫోటో!" అంది. కోడలు ఫోటో తీసింది. మా అబ్బాయి నావైపు చూసి, ఎలా ఉంది నా ఐడియా అన్నట్టు కనుబొమలెగరేశాడు.

పిల్లను దించడానికి వెళ్ళి నేను ఆ సమాధి మీద చెయ్యి ఆనించాను.

థర్మాకోల్ చేతికి చల్లగా తగలదు. ఇది చల్లగా ఉంది. చెమ్మ. గరుకు. గోటితో గీరితే పాతసున్నం పెచ్చు ఊడింది. దాని కింద గచ్చు. మామిడివేరు ఒకటి కిందినుంచి వచ్చి ఒక మూలను కాస్త పైకి ఎత్తింది. ఆ వేరు నా తొడంత లావు... సరే, మణికట్టంత. ఈ వైపు పాతకాలపు కుటుంబాలు ఇంట్లో పెద్దల్ని సొంత తోటలోనే పెట్టుకోవడం నాకు తెలుసు. పార్కు వాళ్ళు అలంకారానికి వచ్చినప్పుడు, తయారుగా ఒకటి దొరికిందని సంబరపడి దానిమీదా ఎర్రరంగు పోసినట్టున్నారు.

చెప్పలేదు. చెప్తే ఆ నవ్వు అక్కడితో సరి. ఎల్లుండి మళ్ళీ మంచం కిందే. పిల్లను దించి, "పదండి పదండి, ముందుకు జరగండి" అని నా పాత ఉద్యోగం చేశాను.

ఇంకా ఆ చెట్టు దాటామో లేదో, కరెంటు పోయింది.

లైట్లు ఆరాయి. పొగ మెషీన్ బుస్సుమని ఆగింది. కుక్క ఊళ సగంలో తెగింది. మూలుగు ఆగింది. జనం కూడా ఊపిరి బిగబట్టారు. అప్పుడు తెలిసింది, ఒక చప్పుడు మాత్రం ఆగలేదని.

సర్... సర్... సర్...

అది స్పీకర్లది కాదు. మా వెనకనుంచి వస్తోంది. ఇప్పుడే పిల్లను దించుకొచ్చిన సమాధి దగ్గరనుంచి.

నేను మనవరాల్ని వెనక్కి నెట్టి దానికి అడ్డంగా నిలబడ్డాను. లేదు. నేనే కోడలి వెనక్కి వెళ్ళాను. పిల్ల నా చెయ్యి వదల్లేదు కాబట్టి అదీ నాతోపాటు వచ్చింది.

ఎవరో సెల్‌ఫోన్ లైటు వేశారు. పొగలో తెల్లచీర. వంగి ఉన్న వీపు. ముగ్గుబుట్టలాంటి తల అటూ ఇటూ ఊగుతోంది. రెండు చేతులతో సమాధిని రుద్దుతోంది. మోచేతుల దాకా ఎర్రగా కారుతోంది. ఎవరో ఆడపిల్ల కెవ్వుమంది. వెంటనే ఇంకో నాలుగు ఫోన్లు వెలిగాయి. కేకలు నవ్వులయ్యాయి.

"ఒరేయ్, యాక్టింగ్ అదిరింది!"

"మామ్మా, ఒకసారి ఇటు తిరుగు!"

చప్పట్లు కొట్టారు. ఆవిడ తిరగలేదు. రుద్దుతూనే ఉంది. కాసేపటికి, తల ఎత్తకుండానే అంది:

"తీస్తే తీశారు గానీ, ఆ లైటేదో కాస్త కిందికి పట్టండి బాబూ. కనపడి చావట్లేదు."

నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు వేసింది నాకు అసలు భయం. దయ్యం మాట్లాడితే అంత భయం వెయ్యదు.

మనవరాలు నా చెయ్యి లాగింది. "తాతా, ఆవిడ నిజం దయ్యమా, ఉత్తుత్తి దయ్యమా?"

ఉత్తుత్తి దయ్యమే అనొచ్చు. పార్కు వాళ్ళ మనిషి, జీతానికి చేస్తోంది అనొచ్చు. ఇంకో నాలుగు మాటలు కలిపి, సినిమాల్లో వేస్తుంది అని కూడా నమ్మించగలను. నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ పక్కన బకెట్టు ఉంది, చేతిలో కొబ్బరిపీచు ఉంది. మా ఇంటావిడ కూడా పండుగకు ముందు మా అమ్మ సమాధిని అలాగే, అదే పీచుతో కడిగేది. అది చూశాక ఆ అబద్ధం బయటికి రాలేదు.

"దయ్యం కాదమ్మడూ. మనిషే. ఆ సమాధి కూడా నిజందే."

పిల్ల చెయ్యి వదిలేసింది. "నేను దానిమీద కూర్చున్నా."

"నాకు తెలియదు బంగారూ, నువ్వు కూర్చున్నప్పుడు."

"నాన్నా!" అన్నాడు మా అబ్బాయి, ఇప్పుడెందుకు చెప్పావన్నట్టు. "పదండి, ఇంటికెళ్దాం" అని పిల్లను ఎత్తుకోబోయాడు. అది వాడి చేతిలోంచి జారి, నేరుగా ఆ పొగలోకి నడిచింది. మేం ముగ్గురం వెనకాలే.

"మామ్మగారూ, సారీ అండీ. నేను దీనిమీద ఎక్కానండీ."

ఆవిడ అప్పుడు తలెత్తి చూసింది. నా ఈడే ఉంటుంది. "ఎక్కితే ఏమైద్దమ్మా? మా పిల్లలంతా దీనిమీదెక్కే కాయలు కోసేవాళ్ళు. ఈ రంగే, మళ్ళీ వెళ్ళి బకెట్టు నింపుకొచ్చినా వదలట్లేదు. మావాడు ఫంక్షనుకని తోట అద్దెకిచ్చాడు. ఏం ఫంక్షన్రా అంటే నీకు తెలీదులే అన్నాడు."

"ఎవరండీ లోపల?" అంది పిల్ల.

"మా అత్త."

పిల్ల ముందుకు జరిగింది. కోడలి దగ్గర ఫోన్ అందుకుని లైటు కిందికి పట్టింది. ఆవిడ రుద్దుతోంది. ఎర్రనీళ్ళు వేరు పక్కనుంచి నేలలోకి ఇంకుతున్నాయి. అప్పుడు మా మనవరాలు, ఇన్ని నెలలుగా మా ఎవ్వరికీ చెప్పని మాట, ముక్కూమొహం తెలియని ఆ మనిషికి చెప్పింది.

"నేను మా నాయనమ్మ మీద మట్టేశానండీ. అందరూ వెయ్యమన్నారు. నేనేశా. పెద్ద గుప్పెడు. కళ్ళల్లో పడుంటుంది. నామీద కోపంగా ఉంటుంది."

ఖననం వేళ పెట్టె దించాక తలా గుప్పెడు మట్టి వెయ్యడం మాకు ఆనవాయితీ. ఆ పిల్లకు గుప్పెట్లో మట్టి పోసి, వెయ్యమ్మా అని చెప్పింది నేనే. అది దయ్యాలకు భయపడుతోందని ఇల్లంతా అనుకున్నాం. అది భయపడింది నాయనమ్మకు. ఎదురుపడితే అడుగుతుందని.

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ మామ్మ పీచు బకెట్లో ముంచి పిండింది. "మట్టి నేనూ వేశానమ్మా మా అత్త మీద" అంది. అని, సమాధివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "మాకు పడేది కాదు. నేను కాస్త ఎక్కువే వేశాను."

పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "కోప్పడలేదా అండీ?"

"ఏమో. కలలోకి వచ్చి తిట్టింది. బతికున్నప్పుడూ తిట్టేదిగా, కొత్తేముంది? మర్నాడు వచ్చి ఇక్కడ ఊడ్చా." పీచు మళ్ళీ సర్రుమంది. "నువ్వెళ్ళావా మీ నాయనమ్మ దగ్గరికి?"

"లేదండీ."

"మరి కోపం వచ్చిందో లేదో నీకెట్టా తెలుసు?"

పిల్ల తల దించుకుంది. ఫోన్ లైటు మాత్రం ఆ సమాధి మీదనుంచి కదల్లేదు.

అంతలో ఎక్కడో జనరేటరు దడదడలాడింది. ఆకుపచ్చ లైట్లు వచ్చాయి, తెగిన కుక్క ఊళ మిగిలిన సగం పూర్తయింది. నల్ల టీషర్టు వేసుకున్న పార్కు మనిషి ఒకడు పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు మామ్మా నువ్వు? టికెట్ లేకుండా లోపలికి ఎట్లా వచ్చావ్?"

"నేను లోపలే ఉన్నానయ్యా" అంది ఆవిడ. "మీరొచ్చారు."

ఆ మాటకు ఆ మనిషి మొహం పాలిపోయి, వచ్చిన దారినే పరుగెత్తాడు. పరుగెత్తలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, ఎవరికో ఫోన్ చేశాడు. తరవాత తనే వచ్చి పొగ మెషీన్ పక్కకు తిప్పాడు. నా వంటిమీద మాత్రం రోమాలు నిక్కబొడుచుకున్నాయి, ఇందులో పెంచిందేమీ లేదు. ఆ చెట్ల కింద, ఆ పొగలో, చూడ్డానికి వచ్చినవాళ్ళెవరో, అక్కడ ఉన్నవాళ్ళెవరో ఒక క్షణం నాకు తెలియకుండా పోయింది.

తిరిగి కారెక్కాం. నూజివీడు పొలిమేర దగ్గరికి వచ్చాక వెనకసీట్లోంచి పిల్ల అడిగింది: "డాడీ, ఎల్లుండి ఎన్నింటికి వెళ్ళాలి?" మా అబ్బాయి కారు పక్కకు ఆపుకున్నాడు.

సమాధుల పండుగ సాయంత్రం మా ఊరి సమాధుల తోట నిండా జనం. మనవరాలు ముందు నడిచింది. నాయనమ్మ తలవైపు వెళ్ళి, చాలాసేపు వంగి ఏదో చెప్పింది. మాకు వినపడలేదు, మేం దగ్గరికి వెళ్ళలేదు. తరవాత అగ్గిపెట్టె అడిగింది. వెలిగించింది. ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరింది. మూతి ముడిచి, సమాధితో అంది: "నాయనమ్మా, ఊదకే! కోపమొస్తే తర్వాత తిట్టు."

ఆ వేళ ఆకు కూడా కదలడం లేదని రాయాలని చెయ్యి దురద పెడుతోంది. కానీ గాలి గట్టిగానే ఉంది. పక్క సమాధుల వాళ్ళవీ ఆరిపోతున్నాయి. కోడలు చీరచెంగు అడ్డం పట్టింది, మా అబ్బాయి రెండు చేతులూ దోసిలి చేసి కాచాడు. పిల్ల ఇంకో పుల్ల గీసింది. ఈసారి నిలబడింది.