శనివారం ఒక్కపొద్దు

బెంగళూరులో మేమిద్దరం పోయే గ్రీకు హోటల్లో గోడలు తెల్లగా, కుర్చీలు నీలంగా ఉంటాయి. ఒక మూల బారు. రాత్రి పదకొండు దాటితే వంటింట్లోంచి చిరుతిళ్లే వస్తాయి: వేడి రొట్టెలు, మెత్తగా రుబ్బిన శనగల ముద్ద, దోసకాయ తురుమూ వెల్లుల్లీ కలిపిన గట్టి పెరుగు, కాల్చిన కోడిముక్కలు. అన్నీ ఒకే పళ్లెంలో బల్ల నడుమ పెడతారు. ఎవరి వాటా వారికి అంటూ ఉండదు.

నాతో వచ్చేవాడు ఆఫీసులో స్నేహితుడు. మాది హిందూపురంలో అంగడి నడిపే కుటుంబం. వాడిది తాడిమర్రి దగ్గర పల్లె, చర్చికి పోయే ఇల్లు. మొదటిసారి నల్ల ఆలివ్‌ను నేరేడుపండు అనుకుని నోట్లో వేసుకున్నాడు. "ఏందబ్బా ఇది, ఊరగాయ జాడీలోనించి తప్పిపోయి వచ్చినట్లుండాది!" అన్నాడు. ఆ మొహం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నేను కొరికిన రొట్టెనే మళ్లీ పెరుగులో ముంచేవాణ్ణి. వాడూ అంతే.

ఒక శనివారం వాళ్ల ఊరికి తీసుకుపోయాడు. వాళ్లమ్మ సంగటి, కోడికూర చేసి పెట్టింది. పళ్లెం ముందుకు రాగానే నా నోట్లోంచి అబద్ధం వచ్చింది.

"ఈరోజు ఒక్కపొద్దమ్మా."

మా పెద్దవాళ్లు అలాంటి ఇళ్లలో తినరు. నేను అవన్నీ వదిలేశాననుకున్నాను. వదల్లేదు.

"అయ్యో, ముందే తెలిసుంటే పండ్లు తెప్పిచ్చేదాన్ని కదా నాయనా," అని ఆమె నొచ్చుకుంది. తిరుగు దారిలో ధర్మవరం, పెనుకొండ దాటేదాకా ఇద్దరం కారులో పాటలు వింటున్నట్టు కూర్చున్నాం.

రాత్రి ఆకలితో ఆ హోటల్‌కే పోయాం. పళ్లెం రాగానే ఆత్రంగా కోడిముక్క అందుకున్నాను. వాడు వాచీ చూశాడు.

"పన్నెండు కాలేదప్పా. ఇంకా శనివారమే ఉండాది."

నవ్వుతూనే అన్నాడు. కానీ చెంచాతో కొంచెం పెరుగు తన సాసరులో వేరుగా వేసుకుని, పళ్లెమంతా నావైపు జరిపాడు.

"తినబ్బా. ఇది ఎవురు వండినారో నీకు తెల్దు కదా."

ఆ తర్వాత పిలిస్తే పని ఉందనేవాడు. ఒక్కణ్ణే పోయి కూర్చున్నాను ఒక రాత్రి. ఆ పళ్లెం ఒక మనిషి తినేది కాదు. సగం వదిలేసి వచ్చి, మరుసటి రోజు అడిగాను: "ఈ శనివారం మీ ఊరికి పోదామా?"

"ఎందుకు, ఒక్కపొద్దుకా?"

"అన్నానికి."

"సరే పద," అన్నాడు వాడు.

వాళ్లమ్మ మమ్మల్ని చూడగానే తట్టలో అరటిపండ్లు తెచ్చి పెట్టింది. "శనివారం కదా నాయనా, ఈసారి మర్చిపోలేదు. అంగట్లో తెప్పిచ్చినేవే, మా ఇంట్లో చేసినేవి కావులే."

తల ఎత్తలేకపోయాను. "నాకు ఒక్కపొద్దు లేదమ్మా. ఆ రోజూ లేదు," అన్నాను.

ఆమె అరటిపండ్ల తట్టను పక్కకు జరిపింది. "కోడి లేదు మరి. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి ఉండాది. చెయ్యి కడుక్కోపో," అంది.

తిన్నాను. పక్కన కూర్చున్న వాడు, తన పళ్లెం ముందరే ఉండగా, కొరికిన ముద్దను నా పళ్లెంలోని ఊరిబిండి పచ్చడిలో ముంచాడు.

"ఏంరా, ఆ పిల్లోడి పళ్లెం ఎంగిలి చేస్తాండావు?" అని కసిరింది వాళ్లమ్మ.

"వానికి అలవాటేలేమ్మా," అన్నాడు వాడు.